బాత్రూం గోడ మీది ఈగ, దాని వెనక రెండొందల యాభై ఏళ్ళు

బాత్రూం గోడ మీద, అద్దం పక్కన, ఓ చిన్న బూడిదరంగు పురుగు కదలకుండా కూర్చుని ఉండటం మీరంతా చూసే ఉంటారు. పొడుగు మహా అయితే మూడు నాలుగు మిల్లీమీటర్లు. రెక్కలు పెంకుటింటి కప్పులా వాలి ఉంటాయి, ఒళ్ళంతా నూగు. వేలితో నొక్కితే బూడిదలా రాలిపోతుంది. దోమ అనుకుంటాం, కాదు. దీపప్పురుగు అనుకుంటాం, అదీ కాదు. ఇంగ్లీషులో దాన్ని డ్రెయిన్ ఫ్లై అంటారు, మాత్ ఫ్లై అని కూడా అంటారు. మనకి దీనికంటూ ఒక పేరు లేదు. "బాత్రూంలో చిన్న ఈగలు" అంటాం, అందరికీ అర్థమైపోతుంది.

మనం చేసే పని కూడా అందరిదీ ఒకటే. మొదట చెంబుడు నీళ్ళు కొడతాం. తర్వాత స్ప్రే. తర్వాత ఫినాయిల్. అదీ అయ్యాక బ్లీచింగ్ పౌడరు, యాసిడ్. రెండ్రోజులు గోడ శుభ్రంగా ఉంటుంది. రెండు వారాలు తిరిగేసరికి మళ్ళీ అదే గోడ, అవే ఈగలు. మన భాషలో చెప్పాలంటే, సర్వర్ పడిపోయినప్పుడల్లా రీస్టార్ట్ చేసి టికెట్ క్లోజ్ చెయ్యడం లాంటిది :)

ఈ ఈగ గురించి చదవడం మొదలుపెడితే అది ఎక్కడెక్కడికో తీసుకెళ్ళింది. ఫ్రెంచి విప్లవం, లండన్ గడియారాలు, ఇంగ్లండ్ మురుగునీటి ప్లాంట్లు, మన సికింద్రాబాదు, చివరికి 2003లో కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో పోయిన పిల్లలు. ఈ కథలన్నిట్లోనూ ఒకటే పాఠం కనపడింది. ఎగిరే పురుగుని కొట్టినవాళ్ళు మళ్ళీ మళ్ళీ ఓడిపోయారు. అది పుట్టే చోటు వెతికినవాళ్ళు చాలాసార్లు గెలిచారు. అంత చిన్న సంగతి నేర్చుకోడానికి మనుషులకి ఇంత కాలం ఎందుకు పట్టిందన్నదే ఈ టపా.

ముందు దాని పేరు. ఈ ఈగలకి సైకోడా అని పేరు పెట్టింది పియేర్ ఆంద్రే లాత్రెయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, 1796లో. గ్రీకులో సైకీ అంటే ఆత్మ, సీతాకోకచిలుక అని కూడా అర్థం. మురుక్కాలవలో పుట్టే ఈగకి ఎంత అందమైన పేరో చూడండి! అన్నట్టు, ఈ లాత్రెయ్ అప్పటికి బతికుండటమే ఒక పురుగు పుణ్యం. ఆయన చర్చి చదువు చదివినవాడు. విప్లవం రోజుల్లో ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చెయ్యలేదని బోర్డో జైల్లో పెట్టారు. జైలు గదిలో ఓ చిన్న పెంకుపురుగు కనిపిస్తే, అది చాలా అరుదైనదని గుర్తుపట్టి జైలు డాక్టరుకి చెప్పాడు. ఆ డాక్టరు ద్వారా అది బయట శాస్త్రజ్ఞులకి చేరింది, వాళ్ళు కలగజేసుకుని ఆయన్ని విడిపించారు. పురుగుల్ని పరీక్షగా చూసే అలవాటు ప్రాణం నిలబెట్టిందన్నమాట.

మనం కూడా ఈగని కాస్త పరీక్షగా చూద్దాం. తల్లి ఈగ డ్రెయిన్ లోపలి గోడకి పట్టిన జిగురులో గుడ్లు పెడుతుంది. సబ్బు, జుట్టు, చర్మం పొట్టు, నూనె, బాక్టీరియా అన్నీ కలిసి పాచిలా పట్టే పొర అది. ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పొదుగుతాయి. లార్వాలు ఆ జిగురునే తింటూ దాదాపు రెండు వారాలు అందులోనే బతుకుతాయి. తోక చివర ఉండే చిన్న గొట్టంతో గాలి పీలుస్తాయి. తర్వాత ఒకటి రెండు రోజులు ప్యూపా. ఆ తర్వాత మనకి గోడ మీద కనపడే ఈగ. దాని ఆయుష్షు ఇంకో రెండు వారాలు.

ఇప్పుడు లెక్క చూడండి. గోడ మీద కనపడుతున్నది దాని జీవితంలో చివరి అంకం మాత్రమే. మిగతాదంతా జాలీ కింద చీకట్లో జరిగిపోయింది. మనం స్ప్రే కొట్టేది ఆ చివరి అంకానికి. పైనుంచి పోసిన ఫినాయిలో, బ్లీచో ఆ జిగురు మీదుగా జారిపోతుంది తప్ప లోపలికి ఇంకదు. రెండు మూడు వారాల్లో కొత్త బ్యాచ్ రావడం మాయా కాదు, మందు నకిలీదవ్వడమూ కాదు. దాని షెడ్యూలే అంత.

సరే, ఈగ పుట్టే చోటు డ్రెయిన్. మరి డ్రెయిన్ ఇంట్లోకి ఎలా వచ్చింది?

సింధు నాగరికత గురించి స్కూల్లో అందరం చదివాం. మొహెంజొదారోలో నాలుగున్నర వేల ఏళ్ళ కిందటే ఇంట్లో స్నానాల గది, అక్కణ్ణుంచి వీధి కాలవలోకి ఇటుకలతో కట్టిన తూము, కాలవ మీద మూత ఉన్నాయి. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. కానీ ఇంట్లోంచి నీళ్ళు బయటికి పోయే ప్రతి దారీ, బయటివి ఇంట్లోకి వచ్చే దారి కూడా. వాసన రావచ్చు, ఎలుక రావచ్చు, ఈగ రావచ్చు. నీళ్ళని బయటికి పోనిచ్చి మిగతావాటిని లోపలికి రానివ్వని తలుపు కావాలి. మనవాళ్ళ భాషలో వన్ వే ఫైర్‌వాల్ అనుకోండి.

ఆ తలుపుని పేటెంటులోకి ఎక్కించినవాడు అలెగ్జాండర్ కమ్మింగ్ అనే స్కాట్లండు మనిషి. ఆయన ప్లంబరు కాదు, లండన్ బాండ్ స్ట్రీట్‌లో గడియారాలు చేసేవాడు. మూడో జార్జి రాజుకి గాలి ఒత్తిడిని నమోదు చేసే గడియారం చేసిచ్చిన పెద్ద పనివాడు. 1775లో ఫ్లష్ టాయిలెట్‌కి పేటెంట్ తీసుకున్నాడు, అందులో అసలు విశేషం పైపు వంపు. పైపుని ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంచితే, ఫ్లష్ చేశాక కాసిని నీళ్ళు ఆ వంపులో నిలిచిపోతాయి. ఆ నీళ్ళే తలుపు. కదిలే భాగాల్లేవు, అరిగేదేం లేదు. రెండొందల యాభై ఏళ్ళుగా ప్రపంచమంతా అదే నడుస్తోంది. మన బాత్రూంలో జాలీ కింద ఉండే నహానీ ట్రాప్ ఆ వంపుకి మనవడే. అందులో సుమారు 50 మిల్లీమీటర్ల ఎత్తున నీళ్ళు నిలబడి ఉండాలి. మనింటికీ ఊరి మురుగుకీ మధ్య ఉన్న గోడ మందం అంతే, రెండంగుళాల నీళ్ళు.

అయితే ట్రాప్ ఉన్నంత మాత్రాన సరిపోలేదు, ఎందుకంటే ట్రాప్ అవతల ఏముందో ఎవరూ చూడలేదు. లండన్‌లో ఫ్లష్ టాయిలెట్లు పెరిగేకొద్దీ ఆ నీళ్ళన్నీ థేమ్స్ నదిలోకి చేరాయి. 1858 వేసవిలో నది ఎంత కంపు కొట్టిందంటే, ఒడ్డునే ఉన్న పార్లమెంటులో కర్టెన్లని సున్నపు క్లోరైడ్‌లో ముంచి వేలాడదీశారు. చరిత్రలో దాన్ని గ్రేట్ స్టింక్ అంటారు. కంపు తమ ముక్కుకే తగిలేసరికి బిల్లు పాసవ్వడానికి 18 రోజులు పట్టింది! జోసెఫ్ బజల్జెట్ అనే ఇంజనీరు 82 మైళ్ళ ప్రధాన మురుగు కాలవలు కట్టాడు.

ఇక్కడో తమాషా. అప్పటి పెద్దలు ఎక్కువమంది నమ్మింది చెడుగాలి వల్లే జబ్బులొస్తాయని. 1854లోనే జాన్ స్నో అనే డాక్టరు బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్ళ వల్ల కలరా వస్తోందని చూపించాడు, ఎక్కువమంది ఒప్పుకోలేదు. అంటే బజల్జెట్ కాలవలు తప్పుడు సిద్ధాంతం మీద మొదలయ్యాయి. కానీ పని మాత్రం సరైన చోట జరిగింది. మురుగు తాగేనీళ్ళ నుంచి విడిపోయింది, కలరా తగ్గింది. మూలం దగ్గర పనిచేస్తే, కారణం పూర్తిగా తెలియకపోయినా ఫలితం వస్తుందన్నదానికి ఇదో ఉదాహరణ.

మురుగుని నదిలో కలపకుండా శుభ్రం చెయ్యాలన్న ఆలోచన తర్వాత వచ్చింది. 1893లో ఇంగ్లండులోని సాల్ఫర్డ్‌లో జోసెఫ్ కార్బెట్ ట్రిక్లింగ్ ఫిల్టర్ నడిపాడు. ఐడియా చాలా తేలిక. పెద్ద రాళ్ళ గుట్ట పరిచి, పైనుంచి మురుగునీళ్ళు చిలకరిస్తారు. రాళ్ళకి జిగురులాంటి పొర పడుతుంది, అందులోని బాక్టీరియా మురుగుని తినేస్తుంది. కింద నుంచి ఎంతో నయమైన నీళ్ళొస్తాయి.

జిగురు పొర అనగానే మీకు అర్థమయ్యే ఉంటుంది. మన ఈగకి అంతకన్నా మంచి ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? ఎకరాల కొద్దీ బాత్రూం డ్రెయిన్ అది. సైకోడాలు మేఘాల్లా లేచేవి. దానికి ఫిల్టర్ ఫ్లై అని ఇంకో పేరొచ్చింది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు గోల పెట్టారు. అది కుట్టదు, కానీ పూర్తిగా నిరపాయం అనడానికీ లేదు. చచ్చిన ఈగల నూగు, రెక్కల పొడి గాల్లో కలిసి ఉబ్బసం తెప్పించిన కేసుల్ని 1946లో దక్షిణాఫ్రికా డాక్టరు ఆర్డ్‌మన్ వైద్య పత్రికలో రాశాడు.

ప్లాంటు ఇంజనీర్లు ఏం చేశారన్నది నాకు ఈ కథలో బాగా నచ్చిన భాగం. వాళ్ళు ఈగల్ని వెంటాడలేదు, క్యాలెండర్ చూశారు. వారానికో, రెండు వారాలకో ఓసారి ఫిల్టర్ మొత్తాన్ని నీళ్ళతో నింపి 24 గంటలు అలాగే ఉంచేవారు. లార్వాలకి గాలి అందదు. ఒక తరం పెద్దదయ్యే లోపే దాని చక్రం తెగిపోతుంది. ఈగ షెడ్యూలు తెలిసినవాడి పని అలా ఉంటుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. లీడ్స్ నగరంలో నోస్ట్రాప్ మురుగు ప్లాంటు దగ్గర లాయిడ్, ఆయన తోటివాళ్ళు 1930, 40 దశకాల్లో ఈ ఈగల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. అలాంటి పనుల వల్ల తేలిందేంటంటే, లార్వాలు ఆ జిగురుని మేస్తుండబట్టే రాళ్ళ మధ్య సందులు పూడిపోకుండా ఉంటున్నాయి. మేసేవాళ్ళు లేకపోతే పొర మందమై ఫిల్టర్ మూసుకుపోతుంది, నీళ్ళు పైనే నిలబడతాయి. అంటే అక్కడ ఈగ శత్రువు కాదు, జీతం అడగని సఫాయి పనివాడు. మనింట్లో కూడా అది చేస్తున్నది అదే పని. మన డ్రెయిన్‌లో మనం తియ్యని మురికిని అది తింటోంది. మురికి ఉందని చెప్పడానికి గోడ మీదికొచ్చి కూర్చుంటోంది, అంతే.

ఇక మన ఊరి కథకొద్దాం. రొనాల్డ్ రాస్ పేరు తెలియనివాళ్ళుండరు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసి, 1902లో నోబెల్ తీసుకున్నాయన. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమల చేత కుట్టించుకుంటే దోమకో అణా ఇచ్చాడన్న కథ కూడా చాలామందికి తెలుసు. బేగంపేటలో ఆయన పేరు మీద భవనం ఉంది, ఉస్మానియా యూనివర్సిటీది.

కానీ దానికి పధ్నాలుగేళ్ళ ముందు, 1883లో, బెంగుళూరులో జరిగిన చిన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. అప్పటికి రాస్ కుర్ర మిలిటరీ డాక్టరు. తన బంగళాలో మిగతా వాళ్ళకంటే దోమలెక్కువ ఉన్నాయని చూశాడు. కిటికీ బయట ఓ నీళ్ళ తొట్టి, దాన్నిండా దోమ పిల్లలు. తొట్టి కుమ్మరించేశాడు, దోమలు తగ్గిపోయాయి. మెస్‌లో ఉన్న తొట్లు, డబ్బాలు, పూలకుండీల్లో నీళ్ళు కూడా తీసేద్దామని అక్కడి అధికారికి చెప్తే ఆయన ఒప్పుకోలేదట. సృష్టి క్రమాన్ని పాడుచెయ్యకూడదు, దోమల్ని ఓర్చుకోవాలి అన్నాడని రాస్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. దోమకీ మలేరియాకీ సంబంధం ఉందని అప్పటికి ఎవరూ నిరూపించలేదు. అయినా తొట్టి కుమ్మరించడం సరైన పనే.

1902లో సూయజ్ కాలవ కంపెనీ పిలిస్తే రాస్ ఇస్మాయిలియా ఊరికి వెళ్ళాడు. అక్కడ కూడా అదే మంత్రం, నిలిచిన నీళ్ళు తీసెయ్యడం. కొన్నేళ్ళలో ఆ ఊళ్ళో మలేరియా దాదాపుగా పోయింది. అయితే ఇది ప్రతిచోటా పనిచేసిందని చెప్తే అబద్ధమవుతుంది. లాహోర్ దగ్గర మియాన్ మీర్ కంటోన్మెంటులో 1900ల తొలి ఏళ్ళలో ఇదే పద్ధతి ప్రయత్నిస్తే ఆశించిన ఫలితం రాలేదు. చుట్టూ సాగు కాలవలు, ఎటు చూసినా నీళ్ళు. తొట్టి కుమ్మరించగలం గానీ కాలవ కుమ్మరించలేం కదా. పుట్టే చోటు మన చేతిలో ఉండాలి, అప్పుడే గెలుస్తాం. మన బాత్రూం డ్రెయిన్ మన చేతిలోనే ఉంది, అది గుర్తుంచుకోండి.

హైదరాబాదు తన నీళ్ళ గురించి తప్పనిసరై ఆలోచించింది 1908 సెప్టెంబరు 28న మూసీ వరద తర్వాత. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. వరద ఆపడానికి జలాశయాలు (ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి) ఎంత ముఖ్యమనుకున్నారో, ఊరికి భూగర్భ డ్రైనేజీ కూడా అంతే ముఖ్యమని ఆయన ప్రణాళిక ఇచ్చారు. జలాశయాల గురించి అందరం చెప్పుకుంటాం, ఫోటోలు దిగుతాం. డ్రైనేజీ గురించి పొంగినప్పుడు మాత్రమే మాట్లాడతాం.

అసలు మూలం వెతికే ఈ అలవాటుని ప్రపంచం చాలావరకు మర్చిపోయింది డీడీటీ వచ్చాక. 1939లో పాల్ ముల్లర్ అనే స్విస్ రసాయన శాస్త్రవేత్త దాని శక్తి కనిపెట్టాడు, 1948లో నోబెల్ వచ్చింది. చల్లితే చాలు, నెలల తరబడి గోడ మీద వాలిన ప్రతి పురుగూ చస్తుంది. ఇంకెవడు కాలవలు తవ్వుతాడు? కానీ నోబెల్ రాకముందే, 1946, 47లోనే స్వీడన్లోనూ ఇటలీలోనూ డీడీటీకి చావని ఇంటి ఈగలు కనిపించాయి. మందు తట్టుకున్న నాలుగు ఈగల పిల్లలే తర్వాతి తరం మొత్తం. రెండు మూడు వారాలకో తరం మారే పురుగుతో ఈ పందెం గెలవడం కష్టం. దాని రిలీజ్ సైకిల్ మనకన్నా చాలా వేగం.

ఇప్పటిదాకా చెప్పింది విసుగు పుట్టించే ఈగ గురించి. దాని చుట్టాన్ని పరిచయం చెయ్యాలి, అసలు ఈ టపా రాయడానికి కారణం అదే.

సైకోడా కుటుంబంలోనే ఇంకో శాఖ ఉంది, శాండ్ ఫ్లై. పేపర్లలో ఇసుక ఈగ అని రాస్తారు. సైజు దాదాపు అంతే, రెండు మూడు మిల్లీమీటర్లు. ఒంటి మీద నూగు కూడా ఉంటుంది. కానీ వాలినప్పుడు రెక్కలు కప్పులా వాల్చదు, పైకి వి ఆకారంలో నిలబెడుతుంది. చిన్న చిన్న గెంతులుగా ఎగురుతుంది. ముఖ్యమైన తేడా, ఇది కుడుతుంది. పుట్టేది డ్రెయిన్‌లో కాదు. మట్టిగోడల పగుళ్ళలో, పశువుల కొట్టాల్లో, పేడా చెత్తా కలిసిన చెమ్మ మట్టిలో.

1903లో మద్రాసు జనరల్ ఆస్పత్రిలో చార్లెస్ డొనోవన్ అనే డాక్టరు కాలా అజార్ రోగుల ప్లీహంలో ఓ క్రిమిని చూశాడు. అదే ఏడాది విలియం లీష్మన్ కూడా దాని గురించి రాశాడు. ఇద్దరి పేర్లూ కలిపి లీష్మానియా డొనోవని అని పేరు పెట్టింది ఎవరనుకున్నారు? మన రొనాల్డ్ రాసే! ఆ క్రిమిని మనిషికి చేరవేసేది శాండ్ ఫ్లై అని తిరుగులేకుండా తేలడానికి 1942 దాకా పట్టింది. స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అనే ముగ్గురు, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన మనుషుల మీద ప్రయోగం చేసి నిరూపించారు.

1950ల్లో మలేరియా కోసం దేశమంతా డీడీటీ కొట్టారు. దాంతోపాటే శాండ్ ఫ్లైలూ పోయాయి, కాలా అజార్ దాదాపుగా మాయమైంది. అడక్కుండానే దొరికిన వరం అది. మలేరియా తగ్గిందని స్ప్రే తగ్గించారు. మట్టిగోడల పగుళ్ళు అలాగే ఉన్నాయి, గోడ పక్కన పశువుల కొట్టమూ అలాగే ఉంది. 1970ల్లో బీహార్లో కాలా అజార్ తిరిగొచ్చింది, 1977 నాటికి పెద్ద మహమ్మారి అయింది. చివరికి అక్కడి శాండ్ ఫ్లైలు డీడీటీకి అలవాటుపడ్డాయి, 2015లో బీహార్లో వేరే మందుకి మారాల్సొచ్చింది.

ఇక 2003. జూన్ నుంచి ఆగస్టు దాకా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో, పిల్లలకి ఉన్నట్టుండి జ్వరం, వాంతులు, ఫిట్స్, స్పృహ తప్పడం. చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే పోయారు. 2004లో లాన్సెట్‌లో వచ్చిన పేపరు ప్రకారం 329 మంది పిల్లలకి వస్తే 183 మంది చనిపోయారు. సగం కంటే ఎక్కువ. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ కారణంగా చూపించింది చండీపురా వైరస్‌ని. 1965లో నాగపూర్ దగ్గర చండీపురా అనే ఊళ్ళో దొరికిన వైరస్ అది. అసలు జబ్బు మెదడువాపేనా, మెదడు రక్తనాళాలు దెబ్బతినడమా అని డాక్టర్ల మధ్య వాదన కూడా నడిచింది. ఈ వైరస్‌ని మోసుకొచ్చేది ప్రధానంగా శాండ్ ఫ్లై అనే ఇప్పటికీ భావిస్తున్నారు. దానికి ప్రత్యేకమైన మందు లేదు, టీకా లేదు. 2024లో గుజరాత్‌లో మళ్ళీ వచ్చింది, మళ్ళీ పిల్లలే.

చనిపోయిన పిల్లల్లో చాలామందివి పల్లెటూరి ఇళ్ళు. మనం అపార్టుమెంటులో కుట్టని ఈగ కోసం నాలుగు రకాల స్ప్రేలు కొంటాం. కుట్టే ఈగ మట్టిగోడ ఇంట్లో పుడుతుంది, అక్కడ గోడ పగులు పూడ్చడానికి డబ్బులుండవు. సెలవలకి ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మ ఇంటి పక్కన గోడ పగుళ్ళు, పేడకుప్ప చూసి "ఊరంటే ఇంతేలే" అనుకుని వచ్చేస్తాం. బెంగుళూరు మెస్ అధికారి రాస్‌తో అన్నమాట కూడా ఇంచుమించు అదే కదా? నూరేళ్ళ తర్వాత కూడా మనం అదే అంటున్నాం.

అదే 2003లో హాంగ్‌కాంగ్‌లో ఇంకోటి జరిగింది, ఇది పూర్తిగా మనలాంటి అపార్టుమెంటు వాళ్ళ కథ. అమోయ్ గార్డెన్స్ అనే టవర్లలో మార్చి నెలలో 300 మందికి పైగా సార్స్ సోకింది, 42 మంది చనిపోయారు. ఎలా పాకిందని పరిశోధించినవాళ్ళు ముఖ్యంగా అనుమానించింది బాత్రూం ఫ్లోర్ ట్రాప్‌లని. చాలా ఇళ్ళలో నేల కడగకుండా తుడుచుకోవడంతో ఆ ట్రాప్‌ల్లోకి నీళ్ళు పోక ఎండిపోయాయి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే డ్రైనేజీ పైపులో గాలి, దాంతోపాటు తుంపర్లు, ఇంట్లోకి లాగబడ్డాయి. కమ్మింగ్ గారి రెండంగుళాల నీళ్ళ తలుపు తెరుచుకుని ఉండిపోయింది, ఎవరూ గమనించలేదు.

ఇంత చరిత్ర చదివాక ఇంట్లో ఏం చెయ్యాలో దానంతటదే తెలిసిపోతుంది. అయినా వరసగా చెప్తాను.

ముందు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనుక్కోండి. రాత్రి పడుకునే ముందు ప్రతి జాలీ మీదా పారదర్శకమైన టేపు, జిగురు కిందికి ఉండేలా, కాస్త గాలి సందు వదిలి అంటించండి. పొద్దున దేనికి ఈగలు అంటుకున్నాయో అదే మూలం. రెండు మూడు రాత్రులు చూడాలి. వంటింట్లో అరటిపళ్ళ మీద ఎగిరే ఎర్రకళ్ళ ఈగలు వేరే, అవి పళ్ళ ఈగలు. వాటికి డ్రెయిన్ తోమితే సరిపోదు, పండిన పళ్ళు తీసెయ్యాలి.

మూలం దొరికాక జాలీ, ట్రాప్ లోపలి గిన్నె తీసి, గట్టి బ్రష్‌తో పైపు గోడని తోమండి. జుట్టు లాగెయ్యండి. పని అంతా ఇక్కడే ఉంది. తోమాక వేడినీళ్ళు పోస్తే జిగురు కొట్టుకుపోతుంది, కానీ పైపు ప్లాస్టిక్‌ది అయితే సలసలా కాగే నీళ్ళు వద్దు. మూడు వారాల పాటు వారానికోసారి చెయ్యండి. ఒక్కసారి చేసి ఆపితే పైన అంటుకుని మిగిలిన గుడ్లు మళ్ళీ మొదలుపెడతాయి. మురుగు ప్లాంటు వాళ్ళ క్యాలెండర్ గుర్తుందిగా?

వాడని బాత్రూం ఉంటే వారానికో చెంబుడు నీళ్ళు ఆ జాలీలో పొయ్యండి. నెల రోజులు ఊరెళ్తుంటే నీళ్ళ మీద రెండు చెంచాల వంటనూనె వేసి వెళ్ళండి, నీళ్ళు త్వరగా ఆవిరవ్వవు.

ఇవన్నీ చేసినా ఈగలు తగ్గకపోతే టైల్స్ కింద పైపు పగిలి చెమ్మ ఊరుతోందేమో ప్లంబర్ని పిలిచి చూపించండి. అప్పుడు ఈగ మీకు ఉచితంగా లీకేజీ రిపోర్టు ఇచ్చినట్టే.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. బాత్రూం యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఎప్పుడూ కలపొద్దు, ఒకదాని వెనక ఒకటి అదే డ్రెయిన్‌లో పొయ్యొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. 1915 ఏప్రిల్‌లో ఈప్ర్ దగ్గర జర్మన్లు యుద్ధంలో వదిలింది ఆ వాయువునే. తలుపు మూసున్న చిన్న బాత్రూంలో, ఈగల కోసం, ఆ పని మనింట్లో చెయ్యడం ఎందుకు? పనమ్మాయి చేత అసలే చేయించొద్దు. పీల్చేది ఆవిడ.

గోడ మీది ఈగకి ఆయుష్షు రెండు వారాలు, మనం కొట్టకపోయినా పోతుంది. కింద ఉన్న జిగురు మాత్రం తోమితే తప్ప పోదు. ఈసారి ఊరెళ్ళినప్పుడు పశువుల కొట్టం వైపు గోడ కూడా ఓసారి చూసి రండి. పగులుంటే కాస్త సిమెంటు, ఓ పూట మేస్త్రీ కూలీ. మనం స్ప్రేల మీద పెట్టేదానికి కొంచెం అటూ ఇటూ అవుతుందేమో, కానీ అది పిల్లలున్న ఇల్లు.

మీ ఇంట్లో ఈ ఈగల్ని ఏమంటారో, ముఖ్యంగా మీ అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో వీటికి ఏదైనా అసలైన తెలుగు పేరుందేమో తెలిస్తే చెప్పండి. 1796 నుంచి గ్రీకు పేరుంది, మనది కూడా ఒకటి ఉంటే బావుంటుంది.